లెక్క రాసిన చెయ్యి

(కామర్స్, మేనేజ్‌మెంట్ పరిశోధక విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను.

నేను సీఏ ఆర్టికల్స్, అంటే ఆడిటరు దగ్గర శిక్షణ, చేస్తున్న రోజుల్లో ఒక మార్చి 31 రాత్రి ఒక బ్యాంకు బ్రాంచిలో ఉన్నాను. అప్పట్లో లెడ్జర్లు చేత్తోనే రాసేవారు. తొమ్మిది దాటింది. క్లర్కులు బ్యాలెన్సులు టాలీ చేస్తున్నారు. మేనేజరు గారి గదిలో ఊళ్లో పేరున్న వ్యాపారి ఒకాయన కూర్చుని, తన క్యాష్ క్రెడిట్ ఖాతా, అంటే వ్యాపారానికి బ్యాంకు అప్పిచ్చే ఖాతా, మీద పన్నెండు లక్షలకు చెక్కు రాశాడు. ఆ డబ్బు బయటికి పోలేదు. అదే బ్రాంచిలో, ఆయన పేరు మీదే, డిపాజిట్‌గా జమ అయింది. ఏప్రిల్‌లో బ్యాంకు తెరిచిన రోజు మొదటి వోచరు ఆ డిపాజిట్ రద్దు చేసిన వోచరే. ఒక్క రూపాయి చేతులు మారలేదు. కానీ మార్చి 31 నాటికి ఆ బ్రాంచిలో డిపాజిట్లూ పెరిగాయి, అప్పులూ పెరిగాయి. రెండు టార్గెట్లూ అందాయి.

ఆ మేనేజరు గారు ఎలాంటి మనిషో చెప్పాలి. మా ఆడిట్ బృందానికి టీ తెప్పిస్తే, ఆ ఖర్చు బ్రాంచి పద్దులో రాయనివ్వకుండా తన జేబులోంచి ఇచ్చేవారు. బ్యాంకు పెన్ను ఇంటికి పట్టుకెళ్లని మనిషి. అటువంటాయన ఆ రాత్రి ఆ వోచరు మీద ఎందుకు సంతకం పెట్టారు? నా ఆడిటింగ్ పుస్తకంలో దానికి పేరుంది, విండో డ్రెస్సింగ్ అని, అంటే లెక్కల్ని ఉన్నదానికంటే బాగా కనిపించేలా అలంకరించడం. పేరుంది గానీ జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూనే నేను ప్రాక్టీసు వదిలి పరిశోధన వైపు వచ్చాను.

మన యూనివర్సిటీల్లో ఒక పంపకం జరిగిపోయింది. అంకెలు కామర్స్ వాళ్లవి, మనుషులు హెచ్‌ఆర్ వాళ్లవి. ఒకరు బ్యాలెన్స్ షీట్ చదువుతారు, ఇంకొకరు జాబ్ శాటిస్‌ఫాక్షన్ మీద ప్రశ్నావళి పంచుతారు. ఇద్దరూ ఒకే కారిడార్‌లో ఉంటారు, ఒకరి థీసిస్ ఒకరు తెరవరు. ఈ పంపకం తప్పు అని చెప్పడానికే ఇవాళ వచ్చాను. ఆ పన్నెండు లక్షల వోచరు అంకెల పుస్తకంలో ఉంది, దాని కారణం ఒక ఉద్యోగి మనసులో ఉంది. రెండూ కలిపి చదివితే తప్ప అది అర్థం కాదు.

ఇది కొత్త మాటేమీ కాదు. అమెరికాలో షికాగో పక్కన సిసిరో అనే ఊళ్లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ కర్మాగారం ఉండేది. టెలిఫోన్ సామగ్రి తయారుచేసేవారు. హాథార్న్ అనగానే మీరంతా లైట్ల ప్రయోగం, అదే వెలుతురు మార్చి పని ఎలా మారుతుందో చూసింది, చెబుతారు. దాన్ని పక్కన పెట్టండి. అక్కడే 1931 నవంబరు నుంచి 1932 మే వరకు ఒక గదిలో పద్నాలుగు మంది మగవాళ్ల పని గమనించారు. బ్యాంక్ వైరింగ్ గది అంటారు. మన బ్యాంకుకూ దానికీ సంబంధం లేదు, టెలిఫోన్ స్విచ్‌ల వరసని వాళ్లు బ్యాంక్ అనేవారు. తొమ్మిది మంది తీగలు చుట్టేవాళ్లు, ముగ్గురు సోల్డరింగ్ చేసేవాళ్లు, ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు.

జీతం జట్టు మొత్తం చేసిన పనిని బట్టి. ఎక్కువ చేస్తే అందరికీ ఎక్కువ వస్తుంది. లెక్క ప్రకారం అందరూ పోటీపడి చెయ్యాలి. చెయ్యలేదు. రోజుకు రెండు యూనిట్లు అయితే చాలు, అది న్యాయమైన పని అని జట్టు తనలో తాను తేల్చుకుంది. అంతకు మించి చేసేవాణ్ణి రేటు పాడుచేసేవాడని తిట్టేవారు, మరీ తక్కువ చేసేవాణ్ణీ తిట్టేవారు. ఎవరైనా వేగం పెంచితే పక్కవాడు వచ్చి జబ్బ మీద గట్టిగా ఒక్కటి గుద్దేవాడు. ఎక్కువ చేస్తే రేటు తగ్గిస్తారని, లేదా కొంతమందిని తీసేస్తారని భయం. అవి మహా మాంద్యం రోజులు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

అకౌంటింగ్ వాళ్లు చూడాల్సింది దీని తర్వాతి ముక్క. వాళ్లు చేసిన పనీ, చేశామని చెప్పిన పనీ ఒకటి కాదు. ఒకరోజు ఎక్కువ చేస్తే కొంత దాచుకుని, తక్కువ చేసిన రోజు లెక్కలో కలిపేవారు. మిషన్ ఆగిందనో సామాను రాలేదనో ఖాళీ సమయం ఎక్కువ చేసి చెప్పేవారు. అందుకని ఆఫీసు రికార్డులో ఉత్పత్తి గీత దాదాపు తిన్నగా పోతుంది. రోజూ ఒకేలా. మనిషి చేసే పని ఏనాడైనా రోజూ ఒకేలా ఉంటుందా? ఆఫీసులో కూర్చున్న అకౌంటెంటుకు ఆ తిన్నని గీత క్రమశిక్షణలా కనిపించింది. గదిలో కూర్చున్న పరిశోధకుడికి మాత్రం అది ఎలా తయారవుతోందో కనిపించింది.

తర్వాత ఇరవై ఏళ్లకు, 1952లో, క్రిస్ ఆర్గిరిస్ అనే యువ పరిశోధకుడు బడ్జెట్లు మనుషుల మీద ఎలా పనిచేస్తాయని కొన్ని ఫ్యాక్టరీల్లో తిరిగి చూశాడు. బిహేవియరల్ అకౌంటింగ్ అని ఇవాళ మనం పిలిచే దానికి మొదలు అక్కడే అంటారు. ఆయన గమనించింది చాలా సూటి విషయం. బడ్జెట్ విభాగంవాడు ఫ్యాక్టరీలో తప్పు పడితేనే వాడు పనిచేసినట్టు. అంటే ఒకరి గెలుపు అంటే ఇంకొకరి ఓటమి. సూపర్‌వైజర్లకు బడ్జెట్ అంటే ఒత్తిడి. ఆ ఒత్తిడి ఎక్కువైతే కింది వాళ్లంతా ఒక్కటై మేనేజ్‌మెంట్‌కు అడ్డం తిరుగుతారు.

ఆయన చెప్పిన ఒక సంఘటన నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. ఒక ఆర్డరులో తప్పు జరిగి సరుకు వెనక్కి వచ్చింది. ఆ నష్టం ఏ విభాగం పద్దులో రాయాలి? ఎవరికి వారు మాది కాదంటే మాది కాదన్నారు. వాదనలు సాగీ సాగీ చివరికి ఫ్యాక్టరీ సాధారణ నష్టం కింద రాసేశారు. అసలు తప్పు ఎలా జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చెయ్యాలి అన్నది ఎవరికీ పట్టలేదు. పద్దు ఎవరి నెత్తిన పడుతుందన్నదే గొడవ. మీలో ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు తలూపుతున్నారు, నాకు కనిపిస్తోంది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ గొడవ ఏ ఆఫీసులోనూ పాతబడలేదు.

ఇక్కడి నుంచి కొంచెం వేగంగా వెళ్తాను. 1975లో స్టీవెన్ కెర్ రాసిన ఒక వ్యాసం ఉంది. ఒకటి జరగాలని ఆశిస్తూ ఇంకోదానికి బహుమతి ఇస్తాం అన్నది దాని సారాంశం. అది మేనేజ్‌మెంట్ విద్యార్థులందరికీ తెలుసు. 1985లో పాల్ హీలీ అదే సంగతిని బోనస్ నిబంధనలు, అకౌంటింగ్ అంకెలు పక్కపక్కన పెట్టి చూపించాడు. బోనస్‌కు లాభం మీద ఒక కింది హద్దు, ఒక పై హద్దు ఉంటాయి. లాభం పై హద్దు దాటిపోతే ఇక ఎంత చూపించినా బోనస్ పెరగదు కాబట్టి, ఈ ఏడాది లాభాన్ని తగ్గించి చూపే పద్ధతులు ఎంచుకుంటారు. కింది హద్దు ఎలాగూ అందదనుకున్నా అంతే, ఉన్న నష్టాలన్నీ ఈ ఏడాదే రాసేసి వచ్చే ఏడాదికి దారి వేసుకుంటారు. హాథార్న్ గదిలో తీగలు చుట్టే మనిషి ఒకరోజు పని దాచి ఇంకో రోజు కలిపాడు. పెద్ద కంపెనీ అధికారి ఒక ఏడాది లాభం దాచి ఇంకో ఏడాది కలిపాడు. చేసిన పని ఒకటే. కార్మికుడు చేస్తే పనిదొంగ అన్నారు, అధికారి చేస్తే అక్రూయల్స్, అంటే డబ్బు చేతులు మారకముందే రాసే పద్దులు, అన్నారు. ఈ తేడా నన్ను చాలాకాలం బాధపెట్టింది, ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇక వెల్స్ ఫార్గో. 2016 సెప్టెంబరులో ఆ అమెరికన్ బ్యాంకు మీద 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ఒక్కో కస్టమరుకు ఎనిమిది ఉత్పత్తులు అంటగట్టాలని పైనుంచి నినాదం. కింద కౌంటరులో కూర్చున్న చిన్న ఉద్యోగులు, కస్టమర్లకు తెలియకుండా లక్షల్లో ఖాతాలు తెరిచారు. దాదాపు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఐదువేల మంది ఒకే రకం తప్పు చేశారంటే, అది ఐదువేల మంది స్వభావం అనుకోవాలా? నాకు తోచినంతలో అది ఒక్క అంకె స్వభావం.

ఇప్పుడు మన ఊరి కథ. సత్యం.

2009 జనవరి 7. మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు. ఆ రోజు హైదరాబాదులో ప్రతి ఇంట్లో, ప్రతి ఆఫీసులో ఇదే మాట. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, కంపెనీ పుస్తకాల్లో 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు ఉన్నట్టు చూపిస్తే అందులో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. అంతకు ముందు సెప్టెంబరు త్రైమాసికంలో ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు అని ప్రకటించారు. నిజంగా ఉన్నవి 2,112 కోట్లు, 61 కోట్లు. ఇరవై నాలుగు శాతం మార్జిన్ అనుకున్నది మూడు శాతం.

అంకెల కంటే ఆ లేఖలో నన్ను ఆపేసిన సంగతి వేరే ఉంది. ఇది మొదట్లో అసలు లాభానికీ చూపిన లాభానికీ మధ్య చిన్న తేడాతో మొదలై, ఏళ్ల తరబడి పెరిగి చెయ్యి దాటిపోయిందని ఆయన రాశారు. పులి మీద స్వారీ చేసినట్టయిందనీ, దిగితే అది తినేస్తుందనీ రాశారు. చిన్న తేడా అన్న ఆ మాట దగ్గర పరిశోధకులు ఆగాలి. 1997లో బర్గ్‌స్టాలర్, డిచెవ్ అనే ఇద్దరు అమెరికాలో వేల కంపెనీల లాభనష్టాలను ఒక పటంగా గీశారు. కొండ ఆకారంలో నునుపుగా రావాల్సిన పటంలో సున్నా దగ్గర ఒక గాటు కనిపించింది. అతి చిన్న నష్టం చూపించిన కంపెనీలు ఉండాల్సినదాని కంటే బాగా తక్కువ, అతి చిన్న లాభం చూపించినవి బాగా ఎక్కువ. సున్నాకు కొంచెం కింద ఉన్నవాళ్లు కొంచెం పైకి జరిగారన్నమాట. అలా జరిగిన వాళ్లంతా సత్యం కాలేదు. కానీ సత్యం కథ మొదలైంది అలాంటి చిన్న జరుగుడుతోనే.

డొనాల్డ్ క్రెసీ అనే నేరశాస్త్రవేత్త 1953లో, నమ్మి అప్పగించిన డబ్బు వాడుకుని జైలుకు వెళ్లిన వందకు పైగా ఖైదీలతో మాట్లాడి ఒక పుస్తకం రాశాడు. ఎవరికీ చెప్పుకోలేని ఒక డబ్బు కష్టం, దొరక్కుండా తీర్చుకునే వీలు, తనకు తాను చెప్పుకునే సమాధానం, ఈ మూడూ కలిసినప్పుడు నమ్మకస్తుడు తప్పు చేస్తాడన్నాడు. తర్వాతివాళ్లు దానికి ఫ్రాడ్ ట్రయాంగిల్ అని పేరు పెట్టారు. పరీక్షలో మీరు త్రిభుజం గీసి మూడు మూలలకూ పేర్లు రాస్తారు, మార్కులు పడతాయి. నేను మాత్రం మొదటి మూల దగ్గరే ఉండిపోతాను. ఎవరికీ చెప్పుకోలేని కష్టం. ఈ త్రైమాసికం బాగాలేదు అని చెప్పుకోగలిగి ఉంటే ఆ కంపెనీ ఏమయ్యేదో! మా మేనేజరు గారు, సార్, ఈ ఏడాది మా ఊళ్లో వర్షాల్లేవు, డిపాజిట్లు రాలేదు అని పైవాళ్లకు చెప్పగలిగి ఉంటే ఆ వోచరు పుట్టేదా?

సత్యంలో ఇంకో దృశ్యం మీకు దగ్గరగా చూపించాలి. అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011లో వెల్లడించిన దాని ప్రకారం, ఆరువేలకు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లు తయారుచేసి, సూపర్ యూజర్ అనే ప్రత్యేక లాగిన్ ద్వారా మామూలు బిల్లింగు పద్ధతిని తప్పించి లెక్కల్లోకి ఎక్కించారు. ఇక బ్యాంకు నిల్వల ధ్రువీకరణ పత్రాలు. అవి ఆడిటరు నేరుగా బ్యాంకుకు పంపి, నేరుగా తెప్పించుకోవాలి. ఆర్టికల్ క్లర్కుకు మొదటి నెలలో నేర్పే పని అది. ఆ పత్రాలు పంపడం, తెప్పించడం రెండూ కంపెనీ చేతికే వదిలేశారని ఆ కమిషన్ తేల్చింది. అలాంటి పని ఏళ్ల తరబడి అలాగే నడిచిందంటే, పోయినేడు ఫైలు చూసి ఈ ఏడు అలాగే చేసేవాళ్లు ఆ వరసలో ఎంతమంది ఉండి ఉంటారో ఆలోచించండి. కంపెనీకి అప్పటికి యాభై వేల మంది పైగా ఉద్యోగులు. వాళ్లు పగలు నిజమైన ప్రోగ్రాములు రాశారు, నిజంగా డెలివరీలు చేశారు, నిజంగా రాత్రులు నిద్ర మానుకున్నారు. ఆ జనవరిలో హోమ్‌లోన్ ఈఎంఐ ఎలా కట్టాలా అని టెన్షన్ పడిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ లేని 5,040 కోట్ల పద్దుతో వాళ్లకు ఏ సంబంధమూ లేదు.

ఇంతవరకు విని, అయితే టార్గెట్లు తీసేయాలా అని ఇందాక ఒకమ్మాయి చీటీ పంపింది. లేదమ్మా. అందుకే ఇప్పుడు మన దగ్గరే జరిగిన ఒక మంచి పరిశోధన చెబుతాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేశారు. ఐదు జిల్లాల్లో మూడువందల పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు. లాటరీ తీసినట్టు మూడు భాగాలు చేశారు. వందింటిలో ఒక్కో టీచరుకు విడిగా బోనస్, వందింటిలో బడి టీచర్లందరికీ కలిపి బోనస్, మిగతా వంద మామూలుగా. పిల్లల సగటు మార్కులు ఐదు శాతానికి మించి పెరిగితే ఆపైన ప్రతి శాతానికీ 500 రూపాయలు. చిన్న మొత్తమే. రెండేళ్లకు లెక్కల్లోనూ భాషలోనూ బోనస్ బడుల పిల్లలు స్పష్టంగా ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా ముందున్నారు.

ఇంకో విషయం చూడండి. టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. బడికి వచ్చిన రోజులు అన్నే, వచ్చిన రోజు చేసిన పని పెరిగింది. అదనపు క్లాసులు, హోంవర్కు, ప్రాక్టీసు పరీక్షలు. హాజరు రిజిస్టరు మాత్రమే చూసే అధికారికి ఇక్కడ ఏమీ మారలేదు. పరీక్ష పెట్టింది, దిద్దింది టీచర్లు కాదు, బయటివాళ్లు. బట్టీ కొడితే వచ్చే ప్రశ్నలతో పాటు అర్థమైతేనే రాయగలిగే ప్రశ్నలూ పెట్టారు. కొలిచేవాడు వేరు, కొలవబడేవాడు వేరు. మన మార్చి 31 బ్రాంచిలో ఇద్దరూ ఒకరే.

దీనికి ఎదురుగా రాజస్థాన్ ఉదయపూర్ పెట్టుకోండి. అక్కడ ఏఎన్ఎం నర్సుల హాజరు కోసం టైం ముద్రపడే యంత్రాలు పెట్టారు. మొదటి ఆరు నెలలు హాజరు బాగా పెరిగింది. పదహారో నెలకు ఆ పెరుగుదల మాయం. నర్సులు దొంగ ముద్రలు వేశారా అంటే అదీ కాదు. పైవాళ్లే మినహాయింపు రోజులు మంజూరు చేస్తూ పోయారు. యంత్రాలు పాడయ్యాయని రాశారు. రికార్డులో గైర్హాజరు పెరగలేదు, మినహాయింపులు పెరిగాయి, ఆరోగ్య కేంద్రం తలుపు మాత్రం తెరుచుకోలేదు. బెనర్జీ, డఫ్లో, గ్లెన్నర్‌స్టర్ 2008లో ప్రచురించిన ఆ వ్యాసం ప్రభుత్వోద్యోగుల మీద పరిశోధన చేసే ప్రతి ఒక్కరూ చదవాలి.

ముంబై దగ్గర తారాపూర్ నేతమిల్లుల సంగతి ఒక్కటి చెప్పి ఈ భాగం వదిలేస్తాను. నిక్ బ్లూమ్ బృందం కొన్ని మిల్లులకు ఉచితంగా కన్సల్టెంట్లను పంపింది. నూలు నిల్వ రాసుకోవడం, లోపాలు ఏ రోజుకారోజు నమోదు చెయ్యడం, నేల ఊడ్చి పెట్టుకోవడం, ఇలాంటి పనులే. మొదటి ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఆ వ్యాసంలో ఇంకో పరిశీలన ఉంది, ఎక్కువమంది దాటేసి వెళ్లిపోతారు. ఒక యజమానికి ఎన్ని మిల్లులున్నాయన్నది ఆ కుటుంబంలో ఎంతమంది మగవాళ్లున్నారన్న దాని మీద ఆధారపడుతోంది. కొడుకో తమ్ముడో ఉంటే ఇంకో మిల్లు, లేకపోతే లేదు. బయటి మేనేజరును నమ్మి తాళంచెవి ఇవ్వరు. మన రైస్ మిల్లుల్లో, బట్టల కొట్లలో గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటారో మీకు తెలుసు. దాని మీద తెలుగు జిల్లాల్లో ఎవరైనా పని చేస్తే బాగుంటుందని నా కోరిక. చేస్తానంటే నాకు తెలిసిన మిల్లులన్నిటికీ నేనే తీసుకెళ్తాను.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడాలి. మీ సినాప్సిస్‌లు, అంటే పరిశోధన ప్రణాళికలు, చదివాను. ముప్పాతిక వంతు ఒకేలా ఉన్నాయి. ఫలానా సంస్థ ఉద్యోగుల మీద అధ్యయనం, నూటయాభై మంది, ఐదు గళ్ల ప్రశ్నావళి, గూగుల్ ఫారం. మీ బాస్ మీకు విలువ ఇస్తారా, పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, చెప్పలేను. ఆ లింకు వాళ్లకు ఎవరు పంపారు? ఆ బాసే పంపారు. మరి వాళ్లు ఏం నొక్కుతారు? అక్కడ కూడా హాథార్న్ గీతలాగే తిన్నని గీత వస్తుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి గణాంకపరంగా ప్రాముఖ్యం ఉందని తేలుస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మూడేళ్ల యవ్వనం అది, మళ్లీ రాదు.

మీకూ టార్గెట్లున్నాయని నాకు తెలుసు. ఇన్ని పేపర్లు వెయ్యాలి, లేకపోతే థీసిస్ తీసుకోరు, ఇంటర్వ్యూ రాదు. నిజాయితీ గురించి 2012లో ఒక పేరున్న పత్రికలో వచ్చిన పరిశోధనా వ్యాసం ఉంది. ఫారం కింద కాకుండా పైన సంతకం పెట్టిస్తే జనం అబద్ధాలు తక్కువ రాస్తారని అందులో తేల్చారు. ఎన్నో సంస్థలు దాన్ని నమ్మాయి. అందులో కార్లు తిరిగిన మైళ్ల డేటా కల్పితమని 2021లో వేరే పరిశోధకులు లెక్కలేసి చూపించారు, వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. వాళ్లు అది ఎలా పట్టారు? అసలు మనుషులు మైళ్లు రాసేటప్పుడు వెయ్యికో ఐదువందలకో గుండ్రంగా రాస్తారు. ఆ డేటాలో ఒక భాగంలో అలాంటి గుండ్రటి అంకెల జాడే లేదు. మనిషి చెయ్యి తగిలిన లెక్క ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు కాబట్టి పట్టుకోగలిగారు. మీరూ అంత బాగా చూడటం నేర్చుకోవాలి.

చివరి చీటీ. ఉద్యోగులు నిజం చెప్పరు కదా, ఎలా చెప్పించాలి అని.

బ్యాంక్ వైరింగ్ గదిలో గమనించడానికి కూర్చున్న మనిషితో మొదట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆయన అధికారం చూపించలేదు, విన్నది పైకి మోయలేదు. కొన్ని వారాలకు వాళ్లే మాట్లాడారు. మీరూ అంతే చెయ్యండి. తప్పు గురించి అడగొద్దు, పని గురించి అడగండి. నెలాఖరు రోజు మీకెలా గడుస్తుంది అనండి చాలు, అరగంట చెబుతారు. పేరు రాసుకోవద్దు, బ్రాంచి పేరు, ఊరి పేరు కూడా వద్దు. మీరు రాసింది వాళ్లకు చదివి వినిపించండి, తీసెయ్యమన్నది తీసెయ్యండి. సంతకం పెట్టిన అనుమతి పత్రం ఒక్కటీ మీ దగ్గరే తాళం వేసి ఉంచండి, గైడుకు కూడా ఇవ్వకండి. మొదటి రోజు వెళ్లినప్పుడు అసలు నోట్‌బుక్ తెరవకండి. టీ ఇస్తే తాగి, మళ్లీ ఎప్పుడు రమ్మంటారో అడిగి వచ్చేయండి.